నడక వంగపండుది, మాట మావయ్యది

మా మావయ్య పాటలు రాసేవాడు గానీ వరస కట్టేవాడు కాదు. కొత్త పాట మొదలుపెట్టినప్పుడల్లా కాగితం పైన ఎడమ పక్క "ఫలానా పాట వరస" అని రాసుకుని, కింద తన మాటలు పేర్చుకుంటూ పోయేవాడు. ఆయన పోయాక అత్త ఆ నోటు పుస్తకాలన్నీ ఒక సంచిలో పెట్టి నాకిచ్చింది. బూజు దులిపి చూస్తే, అలా పైన రాసుకున్న పాటల్లో సగానికి పైగా ఒక్క మనిషివే. వంగపండు ప్రసాదరావువి.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. మావయ్య బడికి వెళ్ళే రోజుల్లో అది శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడింది కాబట్టి నేను పరీక్ష పేపర్ల మీద విజయనగరం అని రాశాను. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. వంగపండు సొంతూరు పెదబొండపల్లి మాకు దూరమేమీ కాదు. 1943లో పుట్టిన ఆ మనిషిని దేశమంతా ప్రజాకవి అని పిలుస్తుంటే మావయ్య మాత్రం "మన పెసాదరావు" అనేవాడు. ఆ "మన"లో ఎంత గర్వం ఉండేదో! పెద్ద స్నేహమేమీ లేదు. అయినా ఆయన పాడే పాటల్లోని మాటలు మా అమ్మా, మా అమ్మమ్మా మాట్లాడుకునే మాటలే. అంతకంటే దగ్గరి చుట్టరికం ఇంకేం కావాలి.

వరస అనేది ఒకరి దగ్గర్నుంచి ఒకరికి ఎలా వస్తుందో నాకు చిన్నప్పుడు అర్థమైంది జముకుల కథల దగ్గర. అమ్మవారి పండగలకి మా వైపు ఎల్లమ్మ కథ చెప్పించేవారు. జముకు అంటే ఒక పక్క తోలు మూసిన చిన్న వాయిద్యం. తోలు మధ్యలోంచి ఒక నరం బయటికి వస్తుంది. వాయిద్యాన్ని చంకలో బిగించి, ఆ నరాన్ని ఒక చేత్తో లాగిపట్టి రెండో చేత్తో మీటుతారు. లాగుడు పెరిగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. వాయిద్యమే మాట్లాడుతున్నట్టు, మధ్యలో వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. ముందు కథకుడు ఒక మాట అంటాడు, వంతలు అందుకుంటారు, జముకు జవాబు చెబుతుంది. పిల్లలం మేం కథ వినే కంటే ఆ జవాబు కోసమే కూర్చునేవాళ్ళం.

ఒక రాత్రి అలా కూర్చున్నప్పుడు మావయ్య నా భుజం తట్టి, "ఇప్పుడు అన్న పాదం ఇన్నావా? అదే వరసలో పాణిగ్రాహి ఏరే కథ సెప్పేడు" అన్నాడు. ఆ పేరు వినడం నాకదే మొదలు. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, 1960లలో ఈ జముకుల కథనే తీసుకుని అందులో అమ్మవారి కథ బదులు రైతు కథ, కూలి కథ పెట్టారు. శ్రీకాకుళం రైతాంగ పోరాటంలో ఉన్న ఆయన్ని 1969 డిసెంబరులో చంపేశారు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు, వంగపండుతో సహా, ఆ తోవ పట్టుకున్నవాళ్ళే. రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. పాట సంగతికొస్తే మాత్రం, ఊళ్ళో వాళ్ళకి ముందే తెలిసిన వరసలో కొత్త సంగతి చెబితే వాళ్ళు మొదటి చరణానికే వంత పాడతారన్న రహస్యం పాణిగ్రాహి పట్టుకున్నారు. కొత్త వరస అయితే వినేవాళ్ళు ముందు వరస నేర్చుకోవాలి, ఆ తర్వాత గానీ మాట చెవికెక్కదు. అంత తీరిక పొలం నుంచి వచ్చిన మనిషికి ఎక్కడుంటుంది?

వంగపండు కూడా ఉన్నట్టుండి ఊడిపడలేదు. ఆయన "భూమి భాగోతం" పేరులోనే తూర్పు భాగోతం ఉంది. మా విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో మద్దెల హోరు మీద రాత్రంతా ఆడే ఆట అది. అందులో సత్యభామ అలుగుతుంది, కృష్ణుడు బతిమాలుకుంటాడు. ఆ ఆట కట్టుని తీసుకుని ఆయన భూమి ఎవరిదన్న ప్రశ్న పెట్టారు. ఆయన విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేశారు. యంత్రం ఎలా నడుస్తుందో అడిగే ఆయన పాట వింటే అందులో సుత్తి దెబ్బ వినిపిస్తుందని మావయ్య గట్టిగా నమ్మేవాడు. పాడుతూ పాడుతూ బల్ల మీద పిడికిలితో కొట్టి చూపించేవాడు. నిజంగానే దెబ్బ పడాల్సిన చోటే మాట పడేది.

ఇక "ఏం పిలడో ఎల్దుమొస్తవ" సంగతి. మా ఊళ్ళో ఆ పాట రాని మనిషి లేడు. అందులో ఒకరు పిలుస్తారు, రమ్మని అడుగుతారు. అడిగిన వెంటనే వినేవాడి కాలు కదులుతుంది. మావయ్య నాకు పాట నేర్పేటప్పుడు మొదట నోరు తెరవనిచ్చేవాడు కాదు. కళ్ళంలో ఇటు నుంచి అటు నడిపించేవాడు. "ఒరే అల్లుడా, పాట ముందు కాలికి తెలవాల. నోటికి తరవాత తెలిసినా పర్నేదు" అనేవాడు. అలా నడిచి నడిచి, ఎక్కడ బరువు పడుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిశాక అప్పుడు మాటలు. ఈనాటికీ ఎవరి పాటైనా కొత్తగా వింటే నేను ముందు లేచి నడుస్తాను. మా ఆవిడకి అలవాటైపోయింది.

మావయ్య మాటలు పేర్చే తీరు చూడాల్సిందే. వరస తీసుకున్నాడంటే మొత్తం తీసుకునేవాడు కాదు. మూల పాటలో పిలుపు ఎక్కడుందో వెతుక్కునేవాడు. ఆ పిలుపు చోటుని కదపకుండా ఉంచి, మిగిలిందంతా మార్చేసేవాడు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు కళాజాతాలకి పాటలు కావలసి వచ్చాయి. ఊరూరా తిరిగి రాత్రి బడికి రమ్మని చెప్పాలి. మావయ్య "ఏం పిలడో" నడక తీసుకున్నాడు. అక్కడ కొండకి రమ్మన్న చోట ఈయన పలక పట్టుకు రమ్మన్నాడు. జవాబు మాత్రం మగవాళ్ళ నోట పెట్టలేదు. అంట్లు తోముకుంటున్న ఆడమనిషి నోట పెట్టాడు. "అంట్లెవులు తోముతారు, సంటోడినెవులు సూస్తారు" అని ఆమె అడుగుతుంది. దానికి పిలిచినవాడు ఆగి ఆలోచించుకోవాలి. ఆ ఆగడం కోసం ఒక తాళం ఖాళీ వదిలాడు మావయ్య. డప్పు ఒక్కటే మోగుతుంది ఆ కాసేపు. మూల పాటలో లేని ఖాళీ అది. నా లెక్కలో మావయ్య సొంత కవిత్వమంతా ఆ ఖాళీలో ఉంది.

ఆ పాట పాడిన ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఆ చోటికి రాగానే నవ్వేవారు, కొందరు గట్టిగా "అడగవే, బాగా అడుగు" అని అరిచేవారు. పాడే అమ్మాయికి అంతకంటే ఏం కావాలి, రెండోసారి ఇంకా నిలదీసి అడిగేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మా దాకా వచ్చినప్పుడు అదే పాటకి మళ్ళీ మాటలు మారాయి. ఈసారి మార్చింది మావయ్య కాదు, ఆ పాడిన అమ్మాయిలే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ రోజు మా ఊరి రచ్చబండ దగ్గర పాడిన పాటలో వంగపండు నడక ఉంది, మావయ్య వదిలిన ఖాళీ ఉంది, మాటలు మాత్రం కూలికెళ్ళే ఆడపిల్లలవి. మావయ్య పక్కన నిలబడి వింటున్నాడు. ఆయన ముఖం ఎంత వెలిగిపోయిందో నేను చూశాను.

విజయనగరంలో మా పెద్దమ్మ వాళ్ళుండేవారు. అప్ప, అంటే పెద్దమ్మ కూతురు, మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకునేది. 1919లో మొదలైన కాలేజీ అది. హరికథకి పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. సెలవులకి వెళ్తే అప్ప నన్ను మూడు లాంతర్లు, గంట స్తంభం, కోట, అయ్యకోనేరు గట్టు అన్నీ తిప్పి, ఆ కాలేజీ ముందు నిలబెట్టి, "ఇక్కడే ఘంటసాల చదివేడు తెలుసా" అనేది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన కుర్రాడు చదువు కోసం ఇంత దూరం వచ్చి, మధూకరం ఎత్తుకుని తిని పాట నేర్చుకున్నాడు. ఆయన్ని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారు సాలూరు వారు. సాలూరు మాకు పక్క ఊరే కాబట్టి, ఆ కథ చెప్పేటప్పుడు మావయ్య ఛాతీ ఇంకొంచెం పొంగేది.

ఆ ఇంట్లోనే ఒక వేసవిలో పెద్ద వాదన జరిగింది. రేడియోలో ఘంటసాల పాడిన "పుత్తడి బొమ్మ పూర్ణమ్మ" వస్తోంది. గురజాడ రాసిన కథ అది. ఆయన కాపురమున్న ఇల్లూ ఈ ఊళ్ళోదే. పూర్ణమ్మ అన్నదమ్ములకి చెప్పుకునే మాటలు వచ్చేసరికి పెద్దమ్మ ఎప్పటిలాగే చీర చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. పాట అయ్యాక అప్ప, "చూడు మావయ్యా, ఆయన వేరేవాళ్ళ వరస తీసుకోలేదు. సొంతంగా కట్టుకున్నాడు. అదీ సంగీతం" అంది. నేను మావయ్య వైపు చూశాను, నొచ్చుకుంటాడేమోనని. ఆయన తాపీగా, "ఆయన గురజాడ మాట తీసుకుని వరస కట్టేడు. నాను పెసాదరావు వరస తీసుకుని మాట కట్టేను. ఇద్దరం ఒకరి దగ్గర అప్పు తెచ్చుకున్నోళ్ళమే కదే" అన్నాడు.

అప్ప ఊరుకోలేదు. "వరస కట్టాలంటే శాస్త్రం తెలియాలి" అంది. ఆ మాట మీద ఆమే తాళం వేసి చూపించింది. "దేశమును ప్రేమించుమన్నా" అని మేమందరం బడిలో పాడుకున్నదే. మూడు, నాలుగు. మూడు, నాలుగు. దేశ, మునుప్రే, మించు, మన్నా. ఏడు మాత్రల నడక, రెండుసార్లు తిరిగితే ఒక పాదం. ముత్యాల సరం అంటారు దాన్ని. సంగీతంలో అదే మిశ్రచాపు. ఆ పాట పుట్టి, 1910 నుంచి లెక్కేసుకుంటే, అప్పటికే డెబ్బై ఏళ్ళు దాటింది. మావయ్యకి మిశ్రచాపు అన్న మాట తెలియదు. అప్ప తాళం వేస్తుంటే ఆయన లేచి గదిలో నడిచాడు. ఒక అడుగు పొట్టిగా, ఒక అడుగు కాస్త పొడుగ్గా. రెండు పాదాలు అయ్యేసరికి ఆ నడక ఆయన కాలికి వచ్చేసింది. "ఓలమ్మా, ఇది బాగుందే" అన్నాడు. అప్ప నవ్వేసింది. వాదన అక్కడితో ఆగిపోయి ఇద్దరూ రాత్రి భోజనాల దాకా ఆ ఏడు మాత్రల్లో మాటలు పేర్చుకుంటూ కూర్చున్నారు.

గురజాడ "ముత్యాల సరములు" గేయం మొదట్లోనే "క్రొత్త పాతల మేలు కలయిక" అన్నారు. అప్ప ఆ పాదం చదివి వినిపించినప్పుడు మావయ్య దాన్ని తన నోటు పుస్తకం అట్ట లోపల రాయించుకున్నాడు. అప్ప చేతిరాత ఇప్పటికీ అక్కడ ఉంది.

మావయ్య చెప్పిన అప్పు అన్న మాట నాకు చాలా ఏళ్ళు బుర్రలో తిరిగింది. అప్పు తెచ్చుకున్నవాడు ఇచ్చినవాడి పేరు మర్చిపోకూడదు. పాడటానికి వెళ్ళిన ప్రతి చోటా ఆయన మొదట "ఈ వరస వంగపండు ప్రసాదరావు గారిది" అని చెప్పేవాడు. మైకు ఉన్నా లేకపోయినా చెప్పేవాడు. జట్టులో వంత పాడే ఒక పెద్దాయన ఈ విషయంలో ఆయనతో ఒప్పుకునేవాడు కాదు. "పేరెందుకు? జనం పాట అయిపోనాక ఇంక ఎవులిదైతేనేటి? పేరు పోయి పాట నిలబడితే అదే రాసినోడికి గెలుపు" అనేవాడు. ఆ మాటలోనూ బలం ఉంది. కోత పాటలు, ఊడుపు పాటలు, దంపుడు పాటలు ఎవరు కట్టారో మనకి తెలియకపోయినా నిలబడ్డాయి. అయినా నేను మావయ్య పక్షమే. ఎవరు కట్టారో తెలియని పాటకి పేరు లేకపోవడం వేరు. రాసిన మనిషి మన కళ్ళముందే బతికుండగా, బస్సులో మన పక్క సీట్లో కూర్చోగల దూరంలో ఉండగా, ఆయన పాటల్ని క్యాసెట్ మీద "జానపదం" అని వేసి అమ్మడం వేరు. అలాంటి క్యాసెట్ ఒకటి సంతలో కొన్న రోజు మావయ్య అన్నం తినలేదు. పెన్ను తీసుకుని ఆ అట్ట మీద పేరు రాసి, మళ్ళీ డబ్బాలో పెట్టాడు.

వంగపండుని నేను వేదిక మీద చూశాను. కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఆయన పాడుతుంటే పాట ఒంటికి, గొంతుకి మధ్య ఎక్కడా తెగదు. కాలు ముందు చెబుతుంది, గొంతు ఆ వెంటనే. మావయ్య నన్ను కళ్ళంలో ఎందుకు నడిపించాడో ఆ రాత్రి పూర్తిగా తెలిసింది. ఆయన్ని అనుకరించేవాళ్ళు చాలామంది యాసని పట్టుకుంటారు, గొంతు బొంగురుని పట్టుకుంటారు. ఆ కాలిని పట్టుకున్నవాళ్ళు తక్కువ. పట్టుకున్నవాళ్ళు మాత్రం తమ సొంత పాట రాయగలిగారు.

1986లో "అర్ధరాత్రి స్వతంత్రం" సినిమాతో "ఏం పిలడో" పాట మా జిల్లాలు దాటి చాలా దూరం వెళ్ళింది. 2009లో ఇంకో పెద్ద సినిమా పాటలో ఆ పల్లవి మాట వినపడింది. పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టి కుర్రాళ్ళు దానికి ఎగురుతుంటే, ఈ మాట ముందు ఎవరిదో వాళ్ళలో ఒకరిద్దరికైనా తెలుసా అని అడగాలనిపించేది. 2020లో "సిత్తరాల సిరపడు" వచ్చినప్పుడు, "పలాస 1978" సినిమాలో "నాది నక్కిలీసు గొలుసు" వచ్చినప్పుడు మా వైపు యాసని హైదరాబాదులో కూడా జనం కూనిరాగం తీస్తుంటే నాకు ఎంతో సంతోషం వేసింది. ఒకప్పుడు మా మాట వింటే నవ్వేవాళ్ళు. ఇప్పుడు అదే మాటలో పాట కట్టమని అడుగుతున్నారు. ఆ తోవ వేసినవాళ్ళలో పాణిగ్రాహి ఉన్నారు, వంగపండు ఉన్నారు, పేరు తెలియని జముకుల కథకులు బోలెడంత మంది ఉన్నారు.

ఈమధ్య మా ఊరి కుర్రాళ్ళు నలుగురు జట్టు కట్టారు. ఒకడు రిథమ్ ప్యాడ్ వాయిస్తాడు, ఒకడు కీబోర్డు, ఇద్దరు పాడతారు. ఫోన్లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతారు. మావయ్య పుస్తకాల సంగతి తెలిసి నా దగ్గరికి వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. రాత్రి బడి పాటని ఇప్పటి కాలానికి మారుస్తామన్నారు. పలక చోట ఫోను పెట్టారు. బ్యాంకు మెసేజ్ చదవడం రాక డబ్బు పోగొట్టుకున్న ముసలమ్మ కథ అది. నాకు నచ్చింది. ప్యాడ్ మోత ఎక్కువైందని మాత్రం చెప్పాను. మావయ్య వదిలిన ఖాళీలో కూడా కీబోర్డు నింపేశారు, అక్కడ ఆపమన్నాను. మొదట ఒప్పుకోలేదు. "ఖాళీగా ఉంటే జనం స్కిప్ చేసేస్తారు మావయ్యా" అన్నారు. ఒక్కసారి అలా పాడి చూడండిరా అని నేనూ పట్టు పట్టాను.

మొన్న అమ్మవారి పండగకి ఆ పాట పాడారు. ముందు వరస ఎవరిదో, తొలి మాటలు ఎవరివో మైకులో చెప్పారు. ఖాళీ దగ్గర ప్యాడ్ ఒక్కటే మోగింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఆ ఖాళీలోకి తమ జవాబులు తామే అరిచారు. ఒకామె బ్యాంకు పేరు కూడా చెప్పేసింది. ఆ తర్వాత కుర్రాళ్ళు ఇంకో మూడు పాటలు పాడారు. అందులో ఒకదాని నడక నాకు బాగా తెలిసినట్టే ఉంది, మూడు నాలుగు, మూడు నాలుగు, కానీ ఎవరిదో పట్టుకోలేకపోయాను. దిగి వచ్చాక అడిగితే పాడిన పిల్లాడు, "మా నానమ్మ ఊడుపుల్లో పాడతాది" అన్నాడు. ఆదివారం వాళ్ళింటికి వస్తానని చెప్పాను. కొత్త నోటు పుస్తకం ఒకటి కొన్నాను.